1977లో పుట్టిన జడ్జ్ డ్రెడ్, 1977లో మొదలైన చికాగో వేర్‌హౌస్ క్లబ్బు: వీటి మధ్య నిజంగా ఏమైనా సంబంధం ఉందా?

నల్లరేకు (మాంచెస్టర్), శనివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా నన్ను వదలని సంగతి ఒకటి ఉంది. ఇక్కడ కామిక్స్ చదివేవాళ్లూ ఉన్నారు, హౌస్ మ్యూజిక్ వినేవాళ్లూ ఉన్నారు కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

ఇవాళ మధ్యాహ్నం చారిటీ షాపులో పాత రికార్డులు తిరగేస్తుంటే బాంబ్ ద బేస్ వాళ్ల 'బీట్ డిస్' దొరికింది. 1988 ఫిబ్రవరిలో బ్రిటన్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లిన రికార్డు. దాని అట్ట మీద పసుపుపచ్చ నవ్వుముఖం, ఆ ముఖం మీద చింది జారిన రక్తపు మరక. ఇంటికి తెచ్చి, షెల్ఫులోంచి 'వాచ్‌మెన్' కామిక్ పుస్తకం తీసి పక్కన పెట్టి చూశాను. అదే ముఖం, అదే మరక.

'వాచ్‌మెన్' వేసింది అమెరికన్ కంపెనీయే అయినా రాసిన అలన్ మూర్, గీసిన డేవ్ గిబ్బన్స్ ఇద్దరూ ఇంగ్లండ్ వాళ్లు. ఇద్దరూ జడ్జ్ డ్రెడ్ కథలు వేసే '2000 ఏడీ' అనే బ్రిటిష్ కామిక్స్ వారపత్రికలో పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్లు. అక్కణ్ణుంచి ఆలోచన ఆగలేదు. '2000 ఏడీ' మొదటి సంచిక మీది తేదీ 1977 ఫిబ్రవరి 26. చికాగోలో ఫ్రాంకీ నకల్స్ రికార్డులు తిప్పిన వేర్‌హౌస్ క్లబ్బు మొదలైంది కూడా అదే ఏడాది. హౌస్ అనే డాన్స్ సంగీతానికి ఆ పేరు ఈ క్లబ్బు పేరు నుంచే వచ్చిందంటారు.

నేను ఆఫీసుకి వెళ్లే దారిలో, విట్‌వర్త్ స్ట్రీట్ వెస్ట్‌లో, ఒకప్పుడు హౌస్ సంగీతానికి పేరుపడ్డ హసియెండా క్లబ్బు ఉండేది. 2002లో పడగొట్టారు. ఇప్పుడక్కడ అదే పేరుతో అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అటు వెళ్లినప్పుడల్లా నాకు అలన్ మూర్ '2000 ఏడీ'లో రాసిన 'హాలో జోన్స్' కథలోని హూప్ గుర్తొస్తుంది. పని దొరకని జనాన్నంతా తీసుకెళ్లి నీళ్ల మీద తేలే ఒక పెద్ద చక్రంలో పెట్టేస్తారు చూడండి, ఆ ఊరు. ఆ కథ వచ్చింది 1984లో. అప్పుడు బ్రిటన్‌లో ముప్ఫై లక్షల మందికి ఉద్యోగాల్లేవు. ఈ ఊళ్లో ఖాళీ గోడౌన్లు బోలెడు. ఆ కథా, ఈ సంగీతమూ ఒకే ఇంట్లో పుట్టినట్టు అనిపిస్తుంది నాకు. నాకొక్కడికేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపుస్తకాల రావు (విశాఖపట్నం), శనివారం రాత్రి 11:40

బాబూ నల్లరేకూ, సంగీతం గురించి నేను మాట్లాడను, నాకు తెలియదు. కామిక్స్ వైపు కథ చెబుతాను.

1977 దగ్గర మొదలుపెడితే సగమే తెలుస్తుంది. ఒక ఏడాది వెనక్కి వెళ్లాలి. 1976 ఫిబ్రవరిలో ఐపీసీ అనే బ్రిటిష్ ప్రచురణ సంస్థ తరఫున పాట్ మిల్స్ 'యాక్షన్' అనే వారపత్రిక పెట్టాడు. మనుషుల్ని నమిలే సొరచేప, మైదానంలో కొట్లాటలు, వీధుల్లో పిల్లల గుంపులు, అన్నీ ఉండేవి. పిల్లలు ఎగబడి కొన్నారు, పెద్దలు మండిపడ్డారు. అక్టోబర్ 23 తేదీ వేసిన సంచికని అచ్చయ్యాక కూడా బయటికి రానివ్వలేదు. మొత్తం గుజ్జు చేసేశారు. డిసెంబర్‌లో పత్రిక మళ్లీ వచ్చింది గానీ కోరలు పీకిన పామే.

అప్పటికే మిల్స్ సైన్స్ ఫిక్షన్ పత్రిక పనిలో ఉన్నాడు. సైన్స్ ఫిక్షన్ సినిమాలు వరసగా రాబోతున్నాయని పేపర్లో చదివి, మనమూ ఒకటి పెడదామని సలహా ఇచ్చింది కెల్విన్ గోస్నెల్. కాబట్టి 'యాక్షన్' పోయింది గనకే '2000 ఏడీ' వచ్చిందని కొందరు రాసేది సరికాదు. అయితే ఒకటి నిజం. వీధిలో జరిగితే గోల చేసిన పెద్దలు, అదే పని భవిష్యత్తులో రోబోల మధ్య జరిగితే పట్టించుకోలేదు. ఆ సందులోంచి మిల్స్ దూరిపోయాడు.

రెండో సంచికలో జడ్జ్ డ్రెడ్ వచ్చాడు. కథ జాన్ వాగ్నర్‌ది. రూపం కార్లోస్ ఎజ్కెర్రా అనే స్పెయిన్ చిత్రకారుడిది. ఫ్రాంకో నియంతృత్వం కింద పెరిగిన మనిషి. డ్రెడ్ భుజం మీద కూర్చున్న ఆ గద్ద అక్కడిదే. పోలీసూ వాడే, జడ్జీ వాడే, పట్టుకున్న చోటే శిక్ష. ఎనభై కోట్ల మంది ఉండే మెగా సిటీ వన్‌లో చక్కెర నేరం, కాఫీ నేరం. హెల్మెట్ తీసి ముఖం చూపించడు. ఇంకో విశేషం, మన కాలంతో పాటే వాడికీ వయసు పెరుగుతుంది. ఇక్కడ ఏడాది గడిస్తే అక్కడా ఏడాది.

1980లలో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో ఓ అయిదు సంచికలు దొరికాయి. న్యూస్‌ప్రింట్ కాగితం, అప్పటికే అంచులు గోధుమరంగుకి తిరిగాయి. అట్టకీ మధ్య రెండు పేజీలకీ తప్ప రంగు లేదు. చదవడం అయ్యేసరికి బొటనవేలికి నల్లగా ఇంకు అంటుకుని ఉండేది. అవి ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

నాలుగుదెబ్బలు (హైదరాబాద్), ఆదివారం తెల్లవారుజాము 1:05

రావు గారూ, గుజ్జు చేశారన్న మాట దగ్గర ఆగిపోయాను. మా వైపు కూడా అలాంటిదే ఒకటి ఉంది.

1979 జూలై 12న చికాగోలో కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య విరామంలో, జనం తెచ్చిన డిస్కో రికార్డుల్ని ఒక పెట్టెలో పోసి పేల్చేశారు. వేలమంది కేకలు వేస్తూ మైదానంలోకి దూకారు, రెండో ఆట జరగనే లేదు. ఆ రాత్రి అక్కడ సీట్లు చూపించే పని చేస్తున్న విన్స్ లారెన్స్ అనే కుర్రాడు తర్వాత ఒక మాట చెప్పాడు: జనం తెచ్చినవన్నీ డిస్కో కాదు, నల్లజాతి కళాకారుల రికార్డులు ఏవైనా తెచ్చి పడేశారని. 1984లో జెస్సీ సాండర్స్ పేరుతో వచ్చిన 'ఆన్ అండ్ ఆన్' ఉంది కదా, మొదటి హౌస్ రికార్డు అని చాలామంది చెప్పేది, దానిలో ఈ విన్స్ లారెన్స్ చెయ్యి ఉంది. తన కళ్ల ముందు పేలిన సంగీతాన్ని అయిదేళ్లకి ఇంకో రూపంలో వాడే తిరిగి తెచ్చాడు.

నల్లరేకన్నా, ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది బ్రిటన్‌లో పుట్టిన సంగీతం కాదు. సౌత్ జెఫర్సన్ స్ట్రీట్‌లోని ఆ వేర్‌హౌస్‌కి వచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో స్వలింగ ప్రేమికులు. బయట ఎక్కడా రానివ్వని వాళ్లు తెల్లారేదాకా భయం లేకుండా ఉండగలిగిన చోటు అది. సొంత ఊళ్లో రేడియో దాటి ఎదగని ఈ సంగీతం 1987 జనవరిలో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి వచ్చింది, స్టీవ్ 'సిల్క్' హర్లీ 'జాక్ యువర్ బాడీ'తో. బ్రిటన్ దాన్ని పెంచి పెద్ద చేసింది, నిజమే. కన్నది మాత్రం చికాగో.

పారేసిన సామాను గురించి కూడా చెప్పాలి. రోలాండ్ టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టె. ఒంటరిగా గిటార్ ప్రాక్టీస్ చేసుకునేవాళ్లకి పక్కన బేస్ వాయించడానికి చేశారు. బేస్ గిటార్‌లా ఏ కోశానా వినిపించదు. 1984లో తయారీ ఆపేశారు. చేసినవి దాదాపు పది వేలు, చివరికి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా పడి ఉండేవి. చికాగోలో డీజే పియర్, అతని స్నేహితులు ఒకటి తెచ్చి, వాయిస్తూనే ఫిల్టర్ నాబ్ తిప్పుతూ పోయారు. నీళ్లలోంచి ఎవరో పిలుస్తున్నట్టు ఉండే ఆ సాగే ధ్వని అప్పుడు పుట్టింది. రాన్ హార్డీ అనే డీజే దాన్ని మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడట. మొదటిసారి ఫ్లోర్ ఖాళీ అయిపోయింది. నాలుగోసారికి జనం పిచ్చెక్కిపోయారు. అదే 1987లో 'యాసిడ్ ట్రాక్స్' అయింది.

సిరామరక (విజయవాడ), ఆదివారం ఉదయం 9:20

నేను బొమ్మలు గీసుకుని బతికేదాన్ని, నా కన్ను ఎప్పుడూ పేజీ కింద మూలకే పోతుంది, గీసినవాళ్ల పేరు ఉందా లేదా అని. ఆ మూల గురించి చెబుతాను.

మొదట్లో బ్రిటిష్ వారపత్రికల్లో పేర్లు వేసేవాళ్లు కాదు. చిత్రకారుడు చాటుగా సంతకం పెడితే తెల్ల రంగుతో చెరిపేసేవాళ్లు. '2000 ఏడీ'లో ఆర్ట్ విభాగంలో పనిచేసిన కెవిన్ ఓ'నీల్ ఈ పద్ధతిని విరగ్గొట్టాడు. పత్రికకి థార్గ్ అనే గ్రహాంతరవాసి ఎడిటర్ అనీ, అతని కింద రోబోలు పనిచేస్తాయనీ ఒక కల్పన ఉంది కదా. ఆ కల్పననే అడ్డం పెట్టుకుని చిన్న గడిలో 'స్క్రిప్ట్ రోబో' ఫలానా, 'ఆర్ట్ రోబో' ఫలానా, 'లెటరింగ్ రోబో' ఫలానా అని వేయడం మొదలుపెట్టాడు. మొదటి ఏడాదిలోనే. అక్షరాలు రాసినవాళ్ల పేరు కూడా! తమ పేరు బయటికి రావడానికి మనుషులు మరమనుషుల వేషం వేసుకోవాల్సి వచ్చింది. ఆ గడి చూసినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది.

సంగీతంతో నేరుగా ముడి కావాలంటే అదే ఓ'నీల్, మిల్స్ కలిసి 1980లో 167వ సంచికలో చేసిన 'టెర్రర్ ట్యూబ్' చూడండి. 'కామిక్ రాక్' అని పాటల ప్రేరణతో మొదలుపెట్టిన వరస అది. ద జామ్ బృందం పాట 'గోయింగ్ అండర్‌గ్రౌండ్' దానికి ఆధారం. పాటలో అండర్‌గ్రౌండ్ అంటే, వీళ్లు భూమి కడుపులో గొట్టాల్లాంటి రోడ్లూ, వాటిలో దూసుకెళ్లే వాహనాలూ గీశారు. ఆ కొద్ది పేజీల్లోంచి 'నెమెసిస్ ద వార్‌లాక్' అనే పెద్ద కథే పుట్టింది. హౌస్ రావడానికి ముందు సంగతి, కానీ ఆ ఆఫీసులో రికార్డు ప్లేయరుకీ డ్రాయింగ్ బల్లకీ దూరం లేదని తెలుస్తుంది.

ఇంకొకటి. 1988లో స్టీవ్ డిల్లన్, బ్రెట్ ఎవిన్స్, ఇద్దరూ '2000 ఏడీ' చిత్రకారులే, 'డెడ్‌లైన్' అని సొంత పత్రిక పెట్టారు. సగం కామిక్స్, సగం సంగీతం. 'ట్యాంక్ గర్ల్' గీసిన జేమీ హ్యూలెట్ అక్కడివాడే. అతనే తర్వాత గాయకుడు డేమన్ ఆల్బర్న్‌తో కలిసి గొరిల్లాజ్ బృందానికి బొమ్మల ముఖాలు ఇచ్చాడు.

కొండగుర్తు (లండన్), ఆదివారం మధ్యాహ్నం 2:30

అందరూ బాగా రాశారు, కానీ నాకు పూర్తిగా ఒప్పుదల కావడం లేదు. ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన రెండింటికీ చుట్టరికం కలపకూడదు. 1977లో చికాగోలో డాన్స్ చేసినవాళ్లు జడ్జ్ డ్రెడ్ పేరు కూడా విని ఉండరు. నవ్వుముఖం సంగతీ అంతే. దాన్ని 1963లో హార్వీ బాల్ అనే అమెరికన్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కోసం గీశాడు. అది అప్పటినుంచీ అందరి బట్టల మీదా ఉంది.

నాకు ఈ రెండూ కలిసే చోటు ఒక్కటే కనిపిస్తుంది. అది చట్టం. నేను ఇక్కడ లా చదివాను. 1994 క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం 63వ సెక్షన్ మొదటిసారి చదివినప్పుడు రెండుసార్లు చూసుకోవాల్సి వచ్చింది. రాత్రిపూట ఆరుబయట వందమందో అంతకు మించో చేరి గట్టిగా సంగీతం పెట్టుకుంటే పోలీసులు చెదరగొట్టవచ్చు. సరే, సంగీతం అంటే ఏమిటి? ఒకదాని వెంట ఒకటి మళ్లీ మళ్లీ వచ్చే దరువులే పూర్తిగానో ప్రధానంగానో ఉన్న ధ్వనులు కూడా సంగీతం కిందికే వస్తాయని ఆ చట్టంలోనే రాసి ఉంది. ఒక పార్లమెంటు దరువుకి నిర్వచనం రాసింది. 2003లో ఆ వంద కాస్తా ఇరవై అయింది.

1992 మేలో ఇంగ్లండ్‌లోని కాసిల్‌మోర్టన్ మైదానంలో వేలమంది రోజుల తరబడి డాన్స్ చేసిన తర్వాత వచ్చిన చట్టం ఇది. చక్కెర తిన్నా నేరమయ్యే ఊరిని వాగ్నర్ 1970లలోనే మొదలుపెట్టాడు. చదివేవాళ్లకి అది అతిశయోక్తి. పదిహేడేళ్లకి దరువు చట్టంలోకి ఎక్కింది.

నాలుగుదెబ్బలు, ఆదివారం మధ్యాహ్నం 3:10

కొండగుర్తు గారూ, నవ్వుముఖం గురించి మీరన్నది నిజం. ఆ 303 సాగే ధ్వని ఉన్న హౌస్‌నే యాసిడ్ హౌస్ అంటాం. దాన్ని వాయించిన షూమ్ క్లబ్బు 1987 చివర్లో లండన్ సదర్క్‌లో ఒక ఫిట్‌నెస్ సెంటర్‌లో మొదలైంది. దాన్ని నడిపిన డానీ రాంప్లింగ్ కరపత్రాల మీద ఉన్న నవ్వుముఖం శుభ్రంగానే ఉంటుంది, రక్తం లేదు. 'బీట్ డిస్' మీద ఉన్నది మాత్రం రక్తపు మరకతో సహా 'వాచ్‌మెన్' బొమ్మే. యాసిడ్ హౌస్‌కి ఆ గుర్తు కామిక్ నుంచే వచ్చిందని నేనూ అనను. ఒక వేసవిలో రెండూ ఒకే గోడ మీద కనిపించాయి, అంతే. 1988 అక్టోబర్‌లో ఒక పెద్ద దినపత్రిక తానే నవ్వుముఖం టీషర్టులు అమ్మి, కొద్ది రోజులకే ఆ పార్టీల మీద విరుచుకుపడింది.

63వ సెక్షన్‌కి సంగీతం ఇచ్చిన జవాబు కూడా వినండి. ఆటెకర్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం వాళ్లు 1994లోనే 'యాంటీ ఈపీ' వేశారు. అందులో 'ఫ్లటర్' అనే ట్రాక్‌లో ఏ రెండు తాళం ఆవర్తాల్లోనూ దరువు ఒకేలా ఉండదు. అంటే చట్టం లెక్కన మళ్లీ మళ్లీ వచ్చే దరువు కాదు. పక్కన ఒక లాయర్నీ, ఒక సంగీత శాస్త్రవేత్తనీ ఉంచుకోమని ప్యాకింగ్ మీద సలహా కూడా ఇచ్చారు. హెడ్‌ఫోన్స్‌లో వినండి, కాళ్లు ఆడాలనుకుంటాయి, కానీ తాళం దొరకదు.

సిరామరక గారూ, పేర్ల విషయంలో మా దగ్గర ఇంకోలా ఉంది. అండర్‌గ్రౌండ్ హౌస్‌లో పేరు లేకపోవడమే గౌరవం. వైట్ లేబుల్ అంటాం, రికార్డు మధ్య కాగితం తెల్లగా ఉంటుంది, ఎవరు చేశారో రాయరు. ట్యూన్ బాగుంటే చాలు.

సిరామరక, ఆదివారం సాయంత్రం 6:45

లేదండీ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. పేరు వద్దనుకునే హక్కు పేరు ఉన్నవాడికే ఉంటుంది.

చికాగో హౌస్ కళాకారుడు లారీ హర్డ్ చేసిన 'కెన్ యు ఫీల్ ఇట్' నాకు ప్రాణం. రాత్రి బొమ్మల మీద ఇంకు గీతలు వేసేటప్పుడు అదే పెట్టుకుంటాను. అంత మెత్తగా నడిచే ట్యూన్ చేసిన మనిషి, రాబర్ట్ ఓవెన్స్‌తో కలిసి తన పాత పాటల హక్కుల కోసం ట్రాక్స్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ మీద 2020లో కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. 2022లో రాజీ కుదిరి హక్కులు తిరిగొచ్చాయి. పాట పుట్టాక ముప్ఫై ఏళ్లు దాటిపోయాయి!

అటు చూడండి. సృష్టికర్తలకి కొంత పట్టు దొరికే ఒప్పందం చెడిపోవడంతో వాగ్నర్ మొదటి సంచిక రాకముందే డ్రెడ్‌ని వదిలి వెళ్లిపోయాడు. తాను రూపం ఇచ్చిన మనిషి మొదటి కథని మైక్ మెక్‌మాన్ గీయగా వేయడంతో ఎజ్కెర్రా కూడా వెళ్లిపోయాడు. తర్వాత ఇద్దరూ తిరిగొచ్చారు, అది వేరే సంగతి. 'హాలో జోన్స్' తొమ్మిది పుస్తకాలు అనుకున్నారు. హక్కుల దగ్గర తేలక అలన్ మూర్ మూడింటితో ఆపేశాడు. ఇయన్ గిబ్సన్ గీతల్లో ఆ అమ్మాయి ఓడెక్కి వెళ్లిపోవడమే మనకి చివరి చూపు. గిబ్సన్ గారు 2023లో పోయారు. ఆ ఆరు పుస్తకాలు ఇక లేవు.

నల్లరేకు గారు అడిగిన సంబంధం నాకు ఇక్కడే కనిపిస్తుంది. రెండు చోట్లా చవక సామాను, చవక కాగితం. అమ్మినవాళ్లు వాటిని వారం సరుకు అనుకున్నారు. చేసినవాళ్లు మాత్రం ప్రాణం పెట్టి చేశారు.

నాలుగుదెబ్బలు, ఆదివారం రాత్రి 8:00

ఒప్పుకుంటున్నాను అక్కా. హర్డ్ విషయం తెలిసి కూడా నేను అటువైపు నుంచి ఆలోచించలేదు.

కొత్తపాఠకుడు (వరంగల్), ఆదివారం రాత్రి 9:30

అన్నలూ, అక్కా, ఇవేవీ నాకు తెలియవు, కానీ మొత్తం చదివాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇందులో మన దేశం ఊసు ఎక్కడైనా ఉందా?

పాతపుస్తకాల రావు, సోమవారం ఉదయం 6:10

నాయనా, 'హాలో జోన్స్' మూడు భాగాలూ ఒకే పుస్తకంగా దొరుకుతాయి, దానితో మొదలుపెట్టు. ఆ తర్వాత 1990లో వచ్చిన 'అమెరికా' అనే డ్రెడ్ కథ చదువు. డ్రెడ్‌ని హీరో అనుకునేవాళ్లు అది తప్పక చదవాలి.

మన ఊసు ఉంది. పీటర్ మిలిగన్, బ్రెండన్ మెక్‌కార్తీ కలిసి 1990లో 'రివాల్వర్' పత్రికలో 'రోగన్ గోష్' చేశారు. లండన్‌లోని ఇండియన్ రెస్టారెంట్ వెయిటరు, కర్మ, రడ్‌యార్డ్ కిప్లింగ్ అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే కథ. రంగులు మన పాత బొమ్మల పుస్తకాలు చూసినట్టే ఉంటాయి.

నాలుగుదెబ్బలు, సోమవారం ఉదయం 8:45

తమ్ముడూ, నువ్వు అడగకపోతే అసలు సంగతి మర్చిపోయేవాణ్ణి. చరణ్‌జిత్ సింగ్. బొంబాయిలో హిందీ సినిమా పాటలకి వాయించిన సంగీతకారుడు. 1982లో టీబీ-303, టీఆర్-808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్ ముందు పెట్టుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి ఆల్బమ్ చేశాడు. 'యాసిడ్ ట్రాక్స్' రావడానికి అయిదేళ్ల ముందు! అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా చెవులు రిక్కించి విన్నది. 2015లో ఆయన పోయారు.

అందులో మాల్కౌంస్ ఉంది, అంటే మన హిందోళం. భూపాలి ఉంది, మన మోహన. మా అమ్మ సంగీతం నేర్చుకుంది. ఏమీ చెప్పకుండా మాల్కౌంస్ ట్రాక్ పెట్టాను. వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, రెండు నిమిషాలు నిలబడి, "హిందోళమే కదరా, ఎవరు వాయిస్తున్నారు?" అంది. ఆయన చికాగో వాళ్లకి తెలియదు, చికాగో వాళ్లు ఆయనకి తెలియదు. ఒకే పెట్టె రెండు చోట్లా అదే గొంతుతో పాడింది.

ఇంకా కావాలంటే జెఫ్ బారో, బెన్ సాలిస్‌బరీ 2012లో చేసిన 'డ్రాక్' విను. మెగా సిటీ వన్ కోసమే చేసిన ఆల్బమ్. హౌస్ కాదు గానీ, ఆ ఊరి రాత్రి ఎలా వినిపిస్తుందో తెలుస్తుంది.

నల్లరేకు, సోమవారం రాత్రి 11:20

అందరికీ ధన్యవాదాలు. కొండగుర్తు గారూ, చుట్టరికం కలిపేయడంలో నేను తొందరపడ్డాను, నిజమే. కానీ సిరామరక గారు చెప్పాక ఆ మూల గడి కోసమే పాత సంచికలన్నీ మళ్లీ తీశాను. ఆఫీసు నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా పేర్లు చదువుతూ కూర్చున్నాను.

చదువుతూ 'ఎ గై కాల్డ్ జెరాల్డ్' అనే పేరుతో సంగీతం చేసే కళాకారుడి 'వూడూ రే' పెట్టుకున్నాను. 1988లో ఈ ఊరివాడే చేసింది. ఆ గొంతు అసలు అనే మాట 'వూడూ రేజ్'. శబ్దాల్ని దాచి మళ్లీ వాయించే శాంప్లర్ యంత్రంలో మెమొరీ సరిపోక చివరి అక్షరం తెగిపోయింది, తెగిన మాటే పాట పేరయింది. తెగిన చోటు ఇవాళ మొదటిసారి విన్నాను. శబ్దం ఆగదు, గోడకి తగిలినట్టు ఉంటుంది.

రావు గారూ, మీ అయిదు సంచికల్లో 167 ఉందా? ఇక్కడ చాలా వెతికాను, దొరకలేదు.

పాతపుస్తకాల రావు, మంగళవారం ఉదయం 5:50

ఉంది బాబూ. రాత్రే పెట్టె దింపి చూశాను. వెనక అట్ట కాస్త చిరిగింది, లోపల పేజీలన్నీ ఉన్నాయి. జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి మాంచెస్టర్ వస్తున్నాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతిసంచిలోనే తెస్తాను, లగేజీలో వేయను. మీ ఇంట్లో రికార్డు ప్లేయర్ ఉంది కదా, ఆ తెగిన మాట నాకూ ఒకసారి వినిపించండి.

నల్లరేకు, మంగళవారం ఉదయం 7:05

తప్పకుండా రండి సార్. స్టేషన్‌కి నేనే వస్తాను. ఫోన్ నంబరు మెసేజ్‌లో పంపుతున్నాను.